చప్పుడు చెప్పే సంగతి

బొగ్గుబాయి ఉన్న ఊళ్లో సైకిలంటే సగం ఉద్యోగం. గోదావరిఖనిలో మొదటి షిఫ్టు సైరన్ మోగకముందే కాలనీల నుంచీ, చుట్టుపక్కల పల్లెల నుంచీ సైకిళ్లు బాయిదారి పట్టేవి. హ్యాండిలుకు టిఫిను డబ్బా, వెనక క్యారియరుకు బూట్ల మూట. రాత్రి షిఫ్టు దిగినవాళ్లు ఎదురొచ్చేవారు. వాళ్ల ముఖాలూ నలుపే, సైకిలు చైన్లూ నలుపే! బాయి ముందున్న స్టాండులో వందల సైకిళ్లు ఒకదానికొకటి ఆనుకుని ఉన్నా, ఎవరి సైకిలు ఎక్కడుందో వాళ్లకు చీకట్లో కూడా తెలిసేది.

సింగరేణి అన్న పేరు ఖమ్మం జిల్లాలోని ఓ పల్లెది. ఇల్లెందు ప్రాంతంలో 1871లో బొగ్గు జాడ బయటపడింది. 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ వచ్చింది. 1920లో అది సింగరేణి కాలరీస్ కంపెనీ అయింది. గోదావరి ఒడ్డున రామగుండం పక్కన బాయిలు మొదలైంది మాత్రం 1960ల ప్రాంతంలోనే. బాయిల వెంట కాలనీలు, కాలనీల వెంట సైకిలు షాపులు వెలిశాయి. నౌకరి దొరికినవాడు మొదట కొనే పెద్ద వస్తువు సైకిలే. ఆ తర్వాతే రేడియో, ఆ తర్వాతే పెళ్లి!

ఆ సైకిలు సంగతి ఊళ్లో అందరికీ తెలిసిందే. 22 అంగుళాల ఉక్కు ఫ్రేము, 28 అంగుళాల చక్రాలు. ముందు చక్రానికి 32 పుల్లలు, వెనక చక్రానికి 40. బరువంతా వెనకే పడుతుంది కాబట్టి అక్కడ ఎనిమిది ఎక్కువ. మొత్తం సైకిలు దాదాపు 20 కిలోలు తూగుతుంది. ఏడాదికోసారి ఓవరాలింగు తప్పదు. షాపువాడు హబ్బులు విప్పి, ఉక్కు గుండ్లను కిరసనాయిలు గిన్నెలో వేసి కడిగి, కొత్త గ్రీజు పెట్టి బిగించేవాడు. చక్రం బెండు తీసేటప్పుడు పుల్లల్ని వేలితో ఒక్కొక్కటే మీటేవాడు. బిగువుగా ఉన్న పుల్ల ‘టింగ్’ అంటుంది. వదులైంది బొంగురుగా పలుకుతుంది. అలా చెవితో విని, చిన్న తాళంచెవి లాంటి పానాతో పావు తిప్పు ఇటు, అర తిప్పు అటు... చక్రం బాణంలా తిరిగేది. కొలత పరికరం లేదు. చెవే కొలత.

డబ్బాలో వచ్చిన సైకిలు

అలాంటి సైకిలు మీద ముప్పై ఏళ్లకు పైగా బాయికి పోయివచ్చిన ఫిట్టరు ఒకాయన రిటైరై గోదావరిఖనిలోనే ఉంటున్నారు. కొడుకు హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేరు ఇంజినీరు. ఓ దసరాకు అతను కారు నిండా అట్టపెట్టెలు వేసుకుని వచ్చాడు. తల్లి మిక్సీ అనుకుంది. విప్పితే నల్లటి గొట్టాల చట్రం ఒకటి, ముక్కలు ముక్కలుగా ఇంకేవేవో బయటపడ్డాయి. 

‘‘ఏందిరా గిది?’’ అన్నారు తండ్రి.

‘‘సైకిలు బాపూ. కార్బన్ ఫ్రేము. నేనే బిగించుకుంట.’’

ఎంత పడ్డదని అడిగితే కొడుకు చాలాసేపు పెట్టెలోని కాగితాలు సర్దాడు. కార్బన్ ఫ్రేముతో, ముందూ వెనకా సస్పెన్షన్‌తో వచ్చే కొండ సైకిలు ఖరీదు లక్షల్లో ఉంటుంది. మంచి మోటారు సైకిలు కొన్నా ఇంకా మిగులుతుంది. చివరికి చెప్పాక తల్లి వంటింట్లోకి వెళ్లిపోయింది. తండ్రి మాత్రం ఫ్రేమును ఒంటిచేత్తో లేపి చూశారు. వెనక షాకుతో కలిపినా మూడు కిలోల లోపే! ‘‘గింత తేలిక... మనిషిని మోస్తదా?’’ అన్నది ఆయన అనుమానం. ఉక్కుతో బతికినవాడికి రావాల్సిన అనుమానమే.

ఈ రకం సైకిలు పుట్టుకే ఓ ముచ్చట. అమెరికాలో శాన్‌ఫ్రాన్సిస్కోకు ఉత్తరాన మారిన్ కౌంటీ ఉంది. 1970ల్లో అక్కడి కుర్రాళ్లు 1930, 40ల నాటి పాత బరువు సైకిళ్లను ఏరి తెచ్చుకుని, కొండ మీది మట్టిబాటలో దూసుకుంటూ దిగేవారు. పెడల్‌ను వెనక్కి తొక్కితే పడే బ్రేకు అది. ఒక్కసారి కొండ దిగేసరికి హబ్బులోని గ్రీజు వేడికి పొగై పోయేది. మళ్లీ విప్పి గ్రీజు నింపాలి. అలా నింపడాన్నే ఇంగ్లిషులో ‘రీప్యాక్’ అంటారు. 1976 అక్టోబరులో మొదలైన వాళ్ల పందేనికీ, ఆ బాటకూ అదే పేరు స్థిరపడింది. ఓవరాలింగు పేరు మీద వెలిసిన ఆట ఇదొక్కటేనేమో! ఆ గుంపులోని జో బ్రీజ్ 1977లో కొండ దిగడం కోసమే కొత్త ఫ్రేము తయారు చేశాడు. 1996 అట్లాంటా ఒలింపిక్స్ నాటికి అది పతకాల పోటీ అయింది. 

బొగ్గూ కార్బనే... ఇదీ కార్బనే

బాయిలో తవ్వేది కార్బన్. ఈ ఫ్రేమూ కార్బన్. అయితే బొగ్గును కరిగించి పోసింది కాదు. ఉన్నిలా ఉండే ఆక్రిలిక్ జాతి దారాన్ని ముందు గాలిలో కాస్త కాల్చి, తర్వాత గాలి సోకకుండా వెయ్యి డిగ్రీలకు పైగా వేడి చేస్తారు. మిగతా మూలకాలు పోయి దాదాపు కార్బన్ ఒక్కటే మిగులుతుంది. ఒక్కో పోగు మందం మిల్లీమీటరులో వందో వంతుకన్నా తక్కువ. పోగులన్నిటినీ వరసగా పరిచి, జిగురు పట్టించి, ఒకదాని మీద ఒకటి పొరలుగా అచ్చులో పేర్చి, వేడితో గట్టిపరుస్తారు. పోగు పొడవునా లాగితే ఉక్కును మించిన బలం. అడ్డంగా వంచితే అంత బలం లేదు. అందుకే ఏ పొర ఏ దిక్కుకు ఉండాలన్నదే ఫ్రేము తయారీలో అసలు విద్య.

తేలికదనం విలువ తెలియాలంటే సైకిలు దాకా పోనక్కర్లేదు. క్షిపణుల కోసం హైదరాబాద్ రక్షణ ప్రయోగశాలల్లో ఇలాంటి తేలికపాటి మిశ్రమ పదార్థాలు తయారయ్యేవి. నిమ్స్ ఆస్పత్రి ఎముకల వైద్యుడొకరు వాటిని చేత్తో పట్టుకుని చూసి, పోలియో పిల్లలు కాళ్లకు మూడు కిలోల ఇనుప చట్రాలు మోస్తున్నారని గుర్తు చేశారు. అబ్దుల్ కలాం బృందం 300 గ్రాముల చట్రాలు తయారు చేసి ఇచ్చింది. తన జీవితంలో మిగిలిన సంతోషాల్లో అదొకటని కలాం చాలా సభల్లో చెప్పుకున్నారు. ఆ సంగతి చెబితే తండ్రి కాసేపు మాట్లాడలేదు. తర్వాత ఫ్రేమును తుడిచి, ముగ్గులేని చోట గోడకు ఆనించారు. 

బిగింపు రెండు రోజులు

బిగించడానికి రెండు రోజులు పట్టింది. మొదటి తగాదా పానా దగ్గర వచ్చింది. ఫిట్టరు చెయ్యి కదా... బోల్టు కనబడితే ‘ఇంకొంచెం’ అంటుంది. ఉక్కు గొట్టం ఆ ఇంకొంచాన్ని ఓర్చుకుంటుంది. కార్బన్ ఓర్చుకోదు. హ్యాండిలును పట్టి ఉంచే చిన్న బోల్టులకు సాధారణంగా నాలుగు నుంచి ఆరు న్యూటన్ మీటర్ల బిగింపు చాలు. ఎంత ఉండాలో ఆ భాగం మీదే రాసి ఉంటుంది. కొడుకు టార్క్ రెంచీ తీశాడు. లెక్క దాకా రాగానే అది ‘టక్’మంది. ‘‘మా దగ్గర గిసొంటిది మూరెడు ఉండేది’’ అని తండ్రి నవ్వారు. సీటు గొట్టం జారకుండా ఇసుక రేణువుల్లాంటి పలుకులున్న పేస్టు పూశారు. కార్బన్ పట్టుకోవాల్సిన చోట గ్రీజు కంటే అదే నయం. తక్కువ బిగింపుతోనే పట్టు దొరుకుతుంది. 

వెనక షాకు దగ్గరికి వచ్చేసరికి కొడుకు శిష్యుడైపోయాడు. లోపల గాలి, నూనె, సీళ్లు, అద్దంలా మెరిసే కడ్డీ. భూగర్భంలో పైకప్పును మోసే హైడ్రాలిక్ ప్రాపుల మధ్య జీవితం గడిపినవాడికి అందులో కొత్తేముంది? ‘‘కడ్డీ మీద గీత పడితే సీలు పోయినట్టే. సీలు పోతే నూనె పోయినట్టే. దుమ్ము తుడువుడే అసలు పని’’ అని ఆయనే పాఠం చెప్పారు. కంపెనీ పుస్తకంలో ఉన్నదీ అదే!

షాకులో ఎంత గాలి ఉండాలో మనిషి బరువును బట్టి ఉంటుంది. సైకిలెక్కి ఊరకే కూర్చుంటే షాకు కొంత కుంగాలి. మొత్తం కుంగే దూరంలో దాదాపు 30 శాతం. షాకు 55 మిల్లీమీటర్లు కుంగేదైతే పదహారో, పదిహేడో మిల్లీమీటర్లు. కడ్డీ మీద ఉన్న రబ్బరు రింగు ఎంత దూరం జరిగిందో స్కేలుతో కొలిస్తే సరి. గాలి ఎక్కువైతే రాళ్ల మీద ఎగిరెగిరి పడుతుంది. తక్కువైతే గుంట వచ్చినప్పుడు అడుగుకు కొట్టుకుంటుంది. చైను కొలతలోనూ ఓ మెలిక ఉంది. షాకు కుంగినప్పుడు వెనక చక్రం కాస్త దూరం జరుగుతుంది. అందుకని షాకులో గాలి తీసేసి, పూర్తిగా కుంగదీసి, చైనును అన్నిటికన్నా పెద్ద పళ్లచక్రం మీద వేసి అప్పుడు కత్తిరించాలి. నిలబెట్టి కొలిచి కత్తిరిస్తే మొదటి గుంటలోనే గేరు విరుగుతుంది.

బ్రేకుల్లో మరో జాగ్రత్త. కొన్నిట్లో మినరల్ ఆయిల్ పోస్తారు. కొన్నిట్లో కార్లకు వాడే బ్రేకు ఫ్లూయిడ్. ఒకదానికి పోయాల్సింది ఇంకోదానికి పోస్తే రబ్బరు సీళ్లు ఉబ్బి పాడవుతాయి. ఇక టైర్లలో ట్యూబు ఉండదు. లోపల పాలలాంటి ద్రవం పోస్తారు. ముల్లు గుచ్చుకుంటే అదే వెళ్లి చిల్లును పూడుస్తుంది. వల్కనైజింగు, తొట్టిలో బుడగలు చూడటం... ఆ ముచ్చట లేదు. తండ్రికి నచ్చనిదల్లా ఇదొక్కటే!

రామగుండం ఎండలో

మూడోరోజు సైకిలు రోడ్డెక్కింది. మొత్తం బరువు 14 కిలోలు. సెంటినరీ కాలనీ దాటాక రామగిరి ఖిల్లా ఉంది. కోట గుట్టల దిగువన రాళ్లబాటలకు కొదవలేదు. ఇటు ఓపెన్‌కాస్టుల పక్కన తవ్విపోసిన మట్టి కూడా గుట్టలై నిలబడింది. తండ్రి నౌకరిలో చేరినప్పుడు ఆ గుట్టలు లేవు. కంపెనీ పోసిన కొండలవి. చూడటానికి సైకిలుకు తగ్గట్టే ఉన్నా వాటిమీద కాలు పెట్టకూడదు. అది నిషేధిత ప్రాంతం. పైగా వదులు మట్టి, ఎప్పుడు జారుతుందో తెలియదు. ‘‘దానిదిక్కు పోకు’’ అని తండ్రి మొదటే చెప్పారు.

ఇలాంటి సైకిలు కొనడం ఒకెత్తు, సాకడం ఒకెత్తు. ముందు ఫోర్కు కింది భాగంలోని నూనెను చాలా కంపెనీలు 50 గంటల సవారీకోసారి మార్చమంటాయి. వెనక షాకుకూ అలాంటి గడువే ఉంటుంది. చైను సాగిందో లేదో చిన్న గేజితో చూసుకోవాలి. అర శాతం సాగినప్పుడే మారిస్తే చైనుతో పోతుంది. ఊరుకుంటే ఖరీదైన పళ్లచక్రాలనూ అరగదీస్తుంది. రామగుండం ఎండల సంగతి తెలిసిందే... మే నెలలో 45 డిగ్రీలు దాటడం ఇక్కడ వింతకాదు. ఆ వేడికి టైర్లలోని పాలు తొందరగా ఎండిపోతాయి. రెండు మూడు నెలలకోసారి విప్పి చూడాల్సిందే. బొగ్గుపొడి, మట్టి, నూనె కలిస్తే అది సానరాయి ముద్దే. చైనుకు నూనె వేశాక పైపైన పొడిగుడ్డతో తుడవకపోతే వేసిన నూనే శత్రువవుతుంది. పైపుతో ధారగా నీళ్లు కొట్టి కడగకూడదు. బేరింగుల్లోకి నీళ్లు పోతాయి. బకెట్టు, మెత్తటి గుడ్డ చాలు.

ఇవన్నీ విని తల్లి ఒకే మాట అంది. ‘‘చిన్నపిల్లగాణ్ని సాకినట్టే ఉంది గద!’’

సప్పుడు మారింది

ఆ సంక్రాంతికి కొడుకు సైకిలుతో సహా మళ్లీ వచ్చాడు. రామగిరి దిగువన ఓ బండ మీద జారి పడ్డాడు. మోచెయ్యి గీరుకుంది. సైకిలు కింది గొట్టం బండ అంచుకు తగిలింది. రంగు మీద గోరంత మచ్చ. అంతే! మర్నాడు మిత్రులతో కలిసి పోవాలన్నది అతని తొందర. ‘‘ఏం కాలే బాపూ, రంగే పోయింది’’ అన్నాడు. 

తండ్రి జేబులోంచి రూపాయి బిళ్ల తీశారు. మచ్చకు జానెడు దూరం నుంచి మొదలుపెట్టి గొట్టం మీద చిన్నగా కొట్టుకుంటూ వచ్చారు. టక్... టక్... టక్... మచ్చ దగ్గరికి వచ్చేసరికి అది ‘దబ్’ అంది. అటుపక్క, ఎదురుగా అదే చోట కొట్టారు. టక్! మళ్లీ ఇటు. దబ్! ‘‘ఇను... సప్పుడు మారింది. లోపట పొర లేసింది’’ అన్నారు.

ఈ పరీక్ష ఆయన కనిపెట్టింది కాదు. కార్బన్ ఫ్రేములు బాగుచేసేవాళ్లు ప్రపంచమంతటా మొదట చేసేది ఇదే. బిళ్లతో కొట్టి వినడం. గట్టిగా ఉన్నచోట చప్పుడు కంగుమంటుంది. పొరలు విడిపోయిన చోట మొద్దుబారుతుంది. గొట్టం మందం అన్నిచోట్లా ఒకలా ఉండదు కాబట్టి రెండుపక్కలా కొట్టి పోల్చుకోవాలి. దాంతోనే తేల్చేయకుండా ఆపైన నిపుణులతో అల్ట్రాసౌండు పరీక్ష చేయించుకోవడం మేలు. 

ఆయనకు ఇవేవీ తెలియవు. ఆయనకు తెలిసింది బాయి. భూగర్భంలో బొగ్గు కూల్చాక మనుషులు ముందుకు పోయేముందు పైకప్పును కర్రతో, గడ్డపారతో కొట్టి వింటారు. కంగుమంటే గట్టి కప్పు. బోలు చప్పుడు వస్తే బండ పైనున్న పొర నుంచి విడిపోయిందని అర్థం. దాన్ని దించేయాలి, లేదా దిమ్మె పెట్టి ఆపాలి. పాత కార్మికులకు ఉక్కు ప్రాపు కన్నా కర్రదిమ్మె మీద నమ్మకం ఎక్కువ. బరువు ఎక్కువైతే కర్ర కిర్రుమంటుంది. విరిగేముందు పారిపొమ్మని చెబుతుంది. ఉక్కు కనీసం వంగుతుంది. ఈ కార్బన్ అటు కిర్రుమనదు, ఇటు వంగదు. లోపల పొర విడిపోయినా పైకి గోరంత మచ్చే. విరిగితే మాత్రం ఒక్కసారిగా, అదీ కొండ దిగేటప్పుడు!

గోదావరిఖనివాళ్లు ఆ చప్పుడును తేలిగ్గా తీసుకోరు. 2003 జూన్‌లో ఏడో ఎల్ఈపీ గనిలోకి నీళ్లు చొచ్చుకొచ్చి 17 మంది పోయారు. అదే ఏడాది అక్టోబరులో ఎనిమిదో ఏ ఇంక్లైనులో పైకప్పు కూలి 10 మంది పోయారు. ఆ రోజుల్లో షిఫ్టుకు పోయిన ప్రతి మనిషి ఇంటికొచ్చేదాకా ప్రతి గుమ్మంలో ఎవరో ఒకరు నిలబడే ఉన్నారు. ఆ గుమ్మాల్లో ఈ తల్లిదీ ఒకటి. పిల్లవాడు అప్పుడు బడికి పోతున్నాడు.

అందుకే మర్నాడు సైకిలు కదల్లేదు. కొడుకు కాసేపు అలిగాడు. మధ్యాహ్నానికి తనూ బిళ్ల తీసుకుని కొట్టి చూసుకున్నాడు. రెండుసార్లు, మూడుసార్లు. తర్వాత సైకిలును తనంతట తానే విప్పి పెట్టెలో సర్దాడు. అలా దెబ్బతిన్న ఫ్రేమును పారేయనక్కర్లేదు. చెడిన పొరల్ని అంచులు పలచబడేలా నెమ్మదిగా గీకి తీసి, అదే దిక్కుల్లో కొత్త కార్బన్ గుడ్డ పొరలు వేసి, జిగురుతో గాలి లేకుండా అదిమి గట్టిపరుస్తారు. పని తెలిసినవాళ్లు చేస్తే మళ్లీ కొండ దిగొచ్చు. తెలియనివాళ్లు పైన రంగు పూసి ఇస్తే మాత్రం ప్రాణం మీదికే!

చేతికొచ్చిన ఆస్తి

సింగరేణిలో 1990ల మొదట్లో లక్షకు పైగా కార్మికులుండేవారు. ఇప్పుడు 40 వేల చుట్టూ ఉన్నారు. తట్టా చెమ్మస్ పోయి యంత్రాలొచ్చాయి. భూగర్భ గనులు తగ్గి ఓపెన్‌కాస్టులు పెరిగాయి. సైకిలు స్టాండుల్లో మోటారు సైకిళ్లే కనబడతాయి. తండ్రి నౌకరి కొడుక్కి రావడం ఒకప్పుడు కోల్‌బెల్టులో పెద్ద ఆస్తి. దానికోసం ఎన్ని ఇళ్లు ఎదురుచూశాయో, ఎన్ని ఇళ్లలో అన్నదమ్ములు విడిపోయారో లెక్కలేదు. ఈ ఇంట్లో కొడుకు ఆ నౌకరి అడగలేదు. తండ్రి ఇస్తాననలేదు. పోతే పోయింది, ఆయన చెవి మాత్రం కొడుక్కి అందింది. లక్షల సైకిలుకు లేని రక్షణ ఓ రూపాయి బిళ్లతో దొరికింది.

ఖరీదు సైకిళ్లు అందరిళ్లలో ఉండవు. పిల్లలు బడికి తొక్కే సైకిలు మాత్రం చాలా ఇళ్లలో ఉంటుంది. ఆదివారం పావుగంట చాలు. టైరు నొక్కి చూడండి. ముందు బ్రేకు పట్టి సైకిలును ముందుకు తోసి చూడండి. చక్రం ఎత్తి తిప్పండి. పుల్లలు మీటండి. కొత్త చప్పుడు ఏదైనా వినిపిస్తే దాని మూలం దొరికేదాకా పిల్లల్ని ఎక్కనివ్వకండి. చైనులో నూనె చుక్క వేయడం పిల్లల చేతే వేయించండి. చేతికి మసి అంటుతుందని వెనకాడకండి. ఆ మసి సబ్బుతో పోతుంది.